మూరెడు బొంత

హైమ కుట్టుమిషనుకి గుడ్డను అదిమిపట్టే పాదం ఊడదీసి సొరుగులో పెట్టింది. గుడ్డను ముందుకు లాగే పళ్ళ మీద రేకు ముక్క బిగించింది. ఇక గుడ్డ ఆమె చేతుల్లో ఉంది. ఎటు తిప్పితే అటు కుట్టు పడుతుంది. తీగలు, ఆకులు, మబ్బులు, ఏవైనా.

పడాల్సింది అలా. పడుతున్నది మాత్రం కోడి కెలికినట్టు. కాళ్ళు తొందరపడితే చేతులు వెనకబడుతున్నాయి. చేతులు పరుగెడితే దారం తెగుతోంది. అయినా ఎప్పుడో ఒక వంపు గుండ్రంగా తిరిగి, మొదలైన చోటికే వచ్చి ఆగుతుంది. అప్పుడు మాత్రం బి.ఏ. పాసైన నాటికంటే ఎక్కువ సంతోషం.

పాత చీరలు పొరలుగా పరిచి ఇలా మిషను మీద బొంత కుట్టడం గవర్నర్‌పేటలో కుట్టు క్లాసు నడిపే తెరేసమ్మగారు నేర్పుతోంది. ముందు మూరెడు ముక్క మీద చెయ్యి కుదరాలి, ఆ తర్వాతే మంచమంత బొంత అని ఆవిడ మాట. ఆ మూరెడు ముక్క కోసం హైమ ఒక పని చేసింది. బీరువా అడుగునున్న అత్తగారి పాత వాయిలు చీరను అడక్కుండా కత్తిరించింది.

మధ్యాహ్నం కునుకు తీసి లేచిన అత్తగారు పద్మావతమ్మ, మిషను దగ్గరికొచ్చి ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది. చీర గుర్తుపట్టేస్తుందనుకుంది హైమ. పెళ్ళిపందిట్లో చాలామంది పెళ్ళికొడుకు అక్కేమో అనుకున్న మనిషి ఆవిడ. నవ్వితే చిన్నపిల్లే. కోపమొస్తే ఎలా ఉంటుందో హైమకింకా తెలీదు.

"ఎంత మెత్తగా ఉందో. పసిబిడ్డ కింద వేసినా ఒరుసుకోదు" అంది పద్మావతమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "నెల తప్పిందా అమ్మాయ్?" అంది.

చీర గురించి కాదు. హైమకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఏమనాలో తోచక తల దించుకుంది. కొత్తకోడలు తల దించుకుంటే అవుననే కదా అర్థం.

వెంటనే చెప్పేయాల్సింది. చెబితే చీర సంగతి బయటికొస్తుంది. రేపు చెబుదామనుకుంది. మర్నాడూ అదే అనుకుంది.

మగవాళ్ళ చెవిన ఇప్పుడే వేయొద్దంది అత్తగారు. పక్కింటి రాజ్యలక్ష్మిగారికి మాత్రం తనే చెప్పింది. ఆవిడ పామర్రు నించి పచ్చి మామిడికాయలు తెప్పించి, ఆ బాధ నాకు తెలీదా తల్లీ అంటూ హైమ ఒళ్ళో పోసింది. హైమ ఒక ముక్క కొరికి పక్కన పెట్టింది. అబద్ధమాడిన నోటికి పులుపు కూడా రుచించలేదు. పాడైపోతాయని మిగతావి ఉప్పూ కారం అద్దుకుని అత్తగారే తినేసింది. కాఫీ గింజలు వేయించే వాసన నీకు పడదులే అని బజార్లో పొడి కొనిపించింది. ఆ బొంత ముక్క అలా వదిలేయకు, అంచులు కూడా కుట్టెయ్యి అని రోజూ గుర్తుచేసింది.

ఇంత ప్రేమని దొంగిలిస్తున్నానే అని హైమ కుమిలిపోయింది. మిషను ముందు కూర్చుంటే కాళ్ళకీ చేతులకీ మళ్ళీ పొంతన లేదు. నేడో రేపో తను బయట కూర్చోవాల్సిన రోజు రానే వస్తుంది. అప్పుడు ఈవిడ మొహం ఎలా చూడడం?

ఆ రోజుకంటే ముందే గుమ్మంలోకి రిక్షా వచ్చింది. లేడీ డాక్టరు దగ్గరికట. గోతులు చూసుకుని మెల్లగా పోనీ నాయనా అని అత్తగారు రిక్షావాడికి మరీ మరీ చెప్పింది.

ఏలూరు కాలవ వంతెన ఎక్కేసరికి హైమకి ఏడుపు ఆగలేదు.

"అత్తయ్యగారూ, అబద్ధమండీ. నాకేం లేదు. అది నేర్చుకోడానికి కుట్టిన ముక్క. మీ వాయిలు చీర కోసేశాను. తిట్టండి, కానీ వెనక్కి వెళ్ళిపోదామండీ."

పద్మావతమ్మ తిట్టలేదు. రిక్షా ఆపమనలేదు. పమిట నిండుగా కప్పుకుని, కోడలికంటే కిందికి తల దించుకుంది.

"తెలుసులేమ్మా, నువ్వు పక్కన కూర్చుంటే చాలు, చూపించుకోవాల్సింది నేను" అంది.