బస్టాండులో పాప

దండెం మీద ఆరేసిన ఫోటోలు చూసి లిఫ్ట్ మెకానిక్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

బస్టాండు, బెంచీల మీద కునికిపాట్లు పడుతున్న జనం, మూటలు, టికెట్ల కిటికీ. అన్నీ తను తీసినవే. కానీ ప్రతి ఫోటోలోనూ ఆ జనం మధ్య, ఆ జనం మీదుగా, ఒక చిన్నపిల్ల ఉంది. ఆ పిల్లను మాత్రం తను తీయలేదు.

ఫ్రేములు కట్టే షాపు పైగదిలో ఆదివారం పొద్దున్నే చేరే రీలు కెమెరా పిచ్చివాళ్లు వీళ్లు. లోకమంతా ఫోన్లతో టకటకా తీసుకుంటుంటే, వీళ్లు రీలు కొని, తీసి, కడిగించి, ఆరేసి, ఒకరివి ఒకరు చూసుకుని మురిసిపోతారు. ఇళ్లల్లోవాళ్లు వీళ్లతో వాదించడం ఎప్పుడో మానేశారు. అందరి రీళ్లూ పెద్దాయనే కడుగుతాడు. ఒకప్పుడు స్టూడియో నడిపినవాడు. తీసినవాడైనా సరే, తన ఫోటోలను ఆదివారం అందరితోపాటే మొదటిసారి చూడాలన్నది ఇక్కడి నియమం. ఇన్నాళ్లూ ఆ నియమం మెకానిక్‌కు సరదాగానే ఉండేది.

"ఒకే రీలు మీద రెండుసార్లు తీశారన్నమాట," అంది డ్రాయింగ్ టీచరమ్మ, కళ్లజోడు పైకి తోసుకుంటూ. "ఈ ముసలావిడ ఒళ్లో పాప కూర్చున్నట్టే ఎలా కుదిరిందండీ?"

మెకానిక్ ఆ ఫోటోకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

ఖాళీ మెట్లు, తుప్పుపట్టిన తలుపులు తప్ప మరొకటి తీయడని అందరూ అతన్ని ఆటపట్టించేవాళ్లు. ఇవాళ ఒకరి తర్వాత ఒకరు వచ్చి భుజం తట్టారు. పెద్దాయనైతే తన జన్మలో ఇలాంటి రీలు కడగలేదన్నాడు. ఆ మాట కోసం ఏళ్ల తరబడి మొహం వాచి ఉన్నవాడికి, తీరా అది వినగానే చెవులు మూసుకోవాలనిపించింది.

ఆ పిల్ల టైలర్ కూతురు.

టైలర్ కూడా ఈ గుంపులోవాడే. మెకానిక్‌కు ప్రాణస్నేహితుడు. ఇంటి ఫోటోలు ఇంట్లోనే ఉండాలంటూ ఆ రీళ్లు వేరేచోట కడిగించేవాడు, కూతురి ఫోటో ఒక్కటి కూడా ఇక్కడికి తెచ్చేవాడు కాదు. అందుకే గదిలో ఎవరూ పాపను గుర్తుపట్టలేదు. మెకానిక్ ఎందుకు గుర్తుపట్టడు? బాబాయ్ బాబాయ్ అంటూ లిఫ్టు ఎక్కించమని వెంటపడేది. ఒంటిమీది ఆ పెద్ద కాలరు గళ్ల గౌను కూడా అతను ఎరిగినదే. జబ్బు చేసి ఆసుపత్రిలో చేర్చి, మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు వాళ్ల నాన్న కుట్టాడు. రెండోసారి ఆసుపత్రికి వెళ్లిన పాప తిరిగి రాలేదు. అంటే ఇవే ఆఖరి ఫోటోలు.

రీలు ఇచ్చింది కూడా టైలరే. పాప పోయాక పలకరించడానికి వెళ్లినప్పుడు, మిషను సొరుగులోంచి తీసి చేతిలో పెట్టాడు. తనింక కెమెరా పట్టనన్నాడు. ఎప్పుడూ ఆ మెట్లేనా, ఈసారైనా మనుషుల్ని తియ్యమన్నాడు. రీలు నాలుక, అంటే కెమెరాలో తగిలించే ఫిల్ము కొస, డబ్బీ బయటికే ఉంది. నాలుక బయటుంటే కొత్తది, వాడేసినదైతే పూర్తిగా లోపలికి చుట్టేస్తారు. ఈ పిచ్చివాళ్లందరికీ అదే గుర్తు. అంత దుఃఖంలో టైలర్ చుట్టడం మరిచిపోయి ఉంటాడు. తనైనా అడగాల్సింది, ఇది కొత్తదేనా అని ఒక్క మాట. అడగలేదు. ఊరికే వచ్చిన రీలు కదా అని ఎగబడి కెమెరాలో వేసుకున్నాడు.

అతను పెద్దాయనను పక్కకు పిలిచాడు.

"ఈ బస్టాండంతా తీసేసి, పాపను ఒక్కదాన్నే ఉంచొచ్చాండీ?"

పెద్దాయన నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయాడు. "పాలల్లో కలిసిన నీళ్లను వేరుచేయగలమా? ఒక్క ఫ్రేము కూడా విడిగా రాదయ్యా."

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పాప పోయాక ఇటువైపు తొంగి చూడని టైలర్, సరిగ్గా ఇవాళే వచ్చాడు. రీలు కడగడానికి ఇచ్చావా లేదా అని అతను ఈమధ్య రెండుసార్లు ఫోన్ చేసి అడిగితే, పోనీలే, మళ్లీ మనుషుల్లో పడుతున్నాడని మెకానిక్ సంబరపడ్డాడు కూడా. ఇప్పుడు ఎదురెళ్లి ఆపుదామనుకున్నాడు. ఏమని చెప్పి ఆపాలో తోచలేదు.

టైలర్ దండెం వెంట నడిచాడు. ఒక్కో ఫోటో దగ్గర ఆగాడు. టీచరమ్మ పక్కన చేరి, వీటిని ఎగ్జిబిషన్‌కు పంపాల్సిందేనని ఉత్సాహంగా చెబుతూనే ఉంది. అతను తలూపుతున్నాడు. ఒక ఫోటోలో ఎవరిదో గొడుగు అడ్డం పడి, నవ్వుతున్న పాపకు ఒక కన్ను కనిపించడం లేదు. అక్కడ చాలాసేపు నిలబడ్డాడు.

మెకానిక్ ఉండబట్టలేక అతని చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కొచ్చాడు.

"నేనే పాడుచేశాన్రా. కొత్తదే అనుకున్నా. నిన్నొక్క మాట అడగలేదు. ఇంక ఏమీ చేయలేమంటున్నాడు పెద్దాయన. దాని ఆఖరి ఫోటోలన్నీ నా చేతుల్తో నేనే..." పట్టుకున్న చెయ్యి ఇంకా వదల్లేదు. "తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి. ఇలా మాట్లాడకుండా మాత్రం ఉండకు."

టైలర్ మెట్టు మీద కూలబడ్డాడు. లోపల ఎవరో మళ్లీ ఆ ఫోటోలనే మెచ్చుకుంటున్నారు. మెకానిక్ వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"దాన్ని ఒక్కదాన్నే చూసే ధైర్యం లేక, అది వాడేసిన రీలని తెలిసే నీకిచ్చానురా," అన్నాడు టైలర్.