తూకం గది స్విచ్

"క్రషర్ షెడ్డు స్విచ్ పాస్‌వర్డ్ చెప్పు మామా," అంది సవిత, కీబోర్డు మీద వేళ్లు ఆనించి.

నింగప్ప సంతోషంగా చెప్పాడు. యశ్వంతనగర్ గని ఆఫీసులో తన అక్క కూతురైన సవితకు ఈ ఉద్యోగం బతిమాలి ఇప్పించినవాడు అతడే. ఏ విభాగానికి కొత్త వీలాన్, అంటే నెట్‌వర్కులో వేరే దారి, కావలసివచ్చినా దానిని ప్రతి షెడ్డులో కంప్యూటర్లను కలిపే స్విచ్‌లోనూ విడివిడిగా నమోదు చేసే పని అతడిది. ఆ పని ఉన్నందువల్లనే కంపెనీ ఏటేటా అతడి కాంట్రాక్టును పొడిగిస్తూ వచ్చింది.

"ఇంక నీకు ఆ తిప్పలు లేవు మామా. ఈడ ఒక్క స్విచ్‌లో పెడితే చాలు, మిగతావన్నీ వాటంతటవే నమోదు చేసుకుంటాయి. చూస్తాండు."

ఆమె మీట నొక్కింది. షెడ్ల స్విచ్‌లు కొత్త వీలాన్‌ను తమంతట తామే అందుకున్నట్లు తెర మీద కనబడింది.

"శభాష్! మామకు తలనొప్పి తప్పిస్తివి కదమ్మా," అని నింగప్ప ఆమె తల నిమిరాడు.

మేనేజరు కొట్రేశ్ తలుపు తీశాడు. "ఏం సవితా, ఆయప్పతో పాస్‌వర్డ్‌లన్నీ చెప్పించుకున్యావా? రేపటినుంచి ఆయప్పను గేటుకాడే ఆపమని చెప్పినా. అన్నీ చేతికొస్తే నీ పర్మనెంట్ ఆర్డరు ఈ పొద్దే."

నింగప్ప చేయి ఆమె తల మీదనే ఆగిపోయింది. ఇప్పుడైనా తనవైపు తిరిగి, "నాకు తెలియదు మామా" అంటుందని ఎదురుచూశాడు.

"ఇంకొక్కటుండాది సార్, తూకం గదిది," అంది సవిత. తర్వాత అదే మెత్తని గొంతుతో, "చెప్పు మామా," అంది.

చెప్పకపోతే ఆ ఆర్డరు ఆమె చేతికి రాదని అతడికి తెలుసు. అతడు చెప్పకుండా ఉండలేడని ఆమెకూ తెలుసు.