మూడు గోడలు, ఒక తలుపు

"మూడు గోడలు దాటుతుందని అట్ట మీద అచ్చేశారు. నా మంచం దాకా కూడా రాదేం మీ వైఫై?" అంటూ సియూ గెక్ ఆంటీ ఖాళీ అట్టపెట్టె తెచ్చి హిల్మీ ఒళ్లో పడేసింది.

హిల్మీ గడియారం చూసుకున్నాడు. మూడుంబావు. నాలుగింటికల్లా ఈవిడ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటేనే రౌటర్ల కంపెనీలో అతని ఉద్యోగం ఖాయం. ఆరు నెలల ప్రొబేషన్ గడువుకి ఇదే ఆఖరి రోజు. మేనేజరు ఇచ్చిన ఆఖరి ఇల్లూ ఇదే.

"అది దాటని గోడ సింగపూర్‌లో లేదాంటీ. నాలుగోది అడ్డొస్తే, కాస్త జరగమని చెప్పి మరీ పోతుంది. ఇంతకీ ఎక్కడ పెట్టారు?"

ఆంటీ వేలు చూపించింది. పుంగోల్ పేటలో అన్ని ఫ్లాట్లలాగే ఆ ఇంట్లోనూ వంటింటి పక్కన బాంబుల గది ఉంది. యుద్ధమొస్తే జనం దాక్కోవాలని కట్టిన గది. యుద్ధం రాలేదు కనక ఎండురొయ్యలు, బియ్యం బస్తాలు, రెక్కలు విరిగిన ఫ్యాన్లు దాక్కున్నాయి. ఇంటర్నెట్టు తీగ కూడా అందులోకే వస్తుంది కాబట్టి రౌటరూ అక్కడే కొలువు తీరింది. చుట్టూ జానెడు మందం కాంక్రీటు. దానికి ఉక్కు తలుపు.

హిల్మీ ఆ తలుపు తట్టి చూశాడు. "ఈ తలుపు తీసే ఉంచుతారుగా?"

"తీసి ఉంచితే రొయ్యల కంపు పడగ్గదిలోకొస్తుంది. నీ వైఫై కన్నా అదే నయం, చెప్పకుండానే గోడలు దాటుతుంది. మూసే ఉంచుతాను. ఏం, మూస్తే పనిచెయ్యదా?"

చెయ్యదంటే ఫిర్యాదు నిజమైపోతుంది. "ఎందుకు చెయ్యదు?" అన్నాడు హిల్మీ.

"అయితే నువ్వు లోపలికెళ్లు. నేను తలుపేసి మంచం మీద కూర్చుంటా. నాకో మెసేజ్ పంపు. వస్తే సంతకం పెట్టేస్తా. నా ఫోన్లో వేరే నెట్టు లేదు సుమా. ఇంట్లో మా రౌటరుండగా అదెందుకని మీవాళ్లే తీయించేశారు."

కాదనడానికి దారి లేదు. లోపలికి వెళ్లాడు. తలుపు ధనామని పడింది. అవతల పిడి కిర్రుమని తిరిగింది. ఇవతల పిడి ఉండాల్సిన చోట కన్నం తప్ప ఏమీ లేదు. తను వచ్చేసరికి ఆంటీ వెల్లుల్లి దంచుతున్న ఇనప కడ్డీకి చివర ఆ వంపెందుకుందో అప్పుడర్థమైంది హిల్మీకి.

"వచ్చిందా ఆంటీ?" అని పంపాడు. ఒకటే టిక్కు పడింది. పంపాడే గాని చేరలేదు. మళ్లీ పంపాడు. మళ్లీ ఒకటే టిక్కు. రౌటరు మాత్రం పచ్చదీపాలన్నీ వెలిగించుకుని పెళ్లికొడుకులా కూర్చుంది. దాని పక్కన నిలబడితే లోకంలో ఎవరితోనైనా మాట్లాడొచ్చు, తలుపవతలి ఆంటీతో తప్ప.

పది నిమిషాలకి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పిడికిలితో బాదితే ఉక్కు కనీసం మూలగలేదు. గోడకి పైన గాలి కోసం గుండ్రటి బొక్క ఉంది. బియ్యం బస్తా ఎక్కి దానికి నోరానించాడు.

"ఆంటీ, తలుపు తియ్యండి. ఇటు పిడి లేదు."

అడుగులు దగ్గరికొచ్చాయి. "మెసేజ్ రాలేదబ్బాయ్."

"వస్తుంది. ముందు తలుపు తియ్యండి."

"తీస్తే ఇంక పరీక్షేముంది? రాదని ఒప్పుకో, ఈ క్షణం తీస్తా."

హిల్మీ బస్తా దిగి ఇంకో మెసేజ్ నొక్కాడు.

"అయితే వస్తుందన్నమాట. మంచం మీదుంటా." అడుగులు వెళ్లిపోయాయి.

ఆ వైఫై మీదే మేనేజరు బూన్ కియాట్‌కి ఫోన్ చేశాడు. "బాస్, బాంబుల గదిలో ఇరుక్కుపోయాను."

"సంతకం పెట్టిందా?"

"ఊపిరాడటం లేదు బాస్. మనది ఈ తలుపు దాటడం లేదు. ఆ మాట ఒప్పుకుంటేనే తీస్తానంటోంది."

"హిల్మీ, నీ నోట్లోంచి ఏ మాటైనా రానీ, 'దాటదు' అన్న మాట తప్ప. నాలుగింటి దాకా ఓర్చుకో." ఫోన్ పెట్టేశాడు.

మూడూ నలభై. కంపు ముక్కు దాటి తలకెక్కింది. మూడూ యాభై. బయటెవరో మీట నొక్కినట్టు నెత్తి మీద దీపం ఆరిపోయింది. చీకట్లో పచ్చదీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. బొక్కలోంచి ఎంత పిలిచినా పలుకు లేదు. ముసలావిడ తన సంగతి మరిచిపోయి కునుకు తీస్తే? లేక ఏ బజారుకో వెళ్లిపోతే? ఉద్యోగం ఒక పక్క, ప్రాణం ఒక పక్క పెట్టి తూచుకున్నాడు హిల్మీ. మూడూ యాభై అయిదుకి త్రాసు ఒరిగింది.

"దాటదాంటీ," అని అరిచాడు. "మూడు గోడలు కాదు, ముప్పావు గోడ కూడా దాటదు. ఈ తలుపేసినంత కాలం మీ మంచం దాకా జన్మలో రాదు. అబద్ధం చెప్పాను. తియ్యండి."

మాట ముగిసీ ముగియకముందే పిడి తిరిగింది. గుమ్మం ముందే ప్లాస్టిక్ స్టూలు వేసి ఉంది. ఆంటీ ఇంతసేపూ మంచం మొహం చూసినట్టే లేదు. చల్లటి బార్లీ నీళ్ల గ్లాసు అతని చేతిలో పెట్టి, వీపు నిమిరింది.

"నిజం చెప్పావు. మంచి పిల్లాడివి."

"మరి సంతకం?" అన్నాడు హిల్మీ ఆశగా.

ఆంటీ జాలిగా తలూపి ఫోన్ చెవికానించింది. "బూన్ కియాట్, వీడూ ఒప్పేసుకున్నాడురా."

హిల్మీ గ్లాసు కింద పెట్టేశాడు.

"అయ్యో, ఇంకో అయిదు నిమిషాలు బిగబట్టి ఉంటే నెగ్గేవాడివిగా," అంది ఆంటీ. "మా అబ్బాయి ఇందులోనే కూర్చుని చీకటి పడేదాకా మూడు గోడలనే అన్నాడు. అందుకేగా వాణ్ణి మేనేజరు చేశారు."