గంప కింది తడి

"ఎవలు గూడ దగ్గరికి రావొద్దు!" అంటూ జంగయ్య ఎత్తిన గంపను ఎత్తినట్టే పట్టుకొని వెనక్కి జరిగాడు.

ఆ రోజు మల్లమ్మ దినాలు. ఆమె ప్రాణం పోయిన మగ్గం గదిలో, పక్కింటి బిక్షమ్మ పొద్దున్నే బూడిద జల్లించి నేలమీద సాపుగా పరిచి, పైన గంప బోర్లించింది. పోయిన మనిషి ఏ జన్మ ఎత్తిందో ఆ బూడిదలో గుర్తు పడుతుందని ఆ ఇంటి నమ్మకం. పిట్టకాలు పడితే పిట్ట, గిట్ట పడితే గొడ్డు. మగవాళ్లు ఊరి బయట పిట్టకు ముద్ద పెట్టి వచ్చి గంప ఎత్తారు. పిట్టకాలూ లేదు, గిట్టా లేదు. బూడిద నడుమ పళ్లెమంత తడి. అందరూ చూస్తుండగానే దాని అంచు మెల్లగా పాకుతోంది.

పైన రేకులు ఎండకు కాలిపోతున్నాయి. గదిలో మాత్రం కాళ్ల కింద చల్లగా ఉంది.

"వదినె ఇల్లు ఇడిశి పోలే," అన్నాడు జంగయ్య. మల్లమ్మకు మరిది. ఇప్పుడా ఇంట్లో పెద్దతలకాయ ఆయనే. "బతికినన్ని దినాలు తడిపింది, సచ్చినంక గూడ గదే పని. గడపకు ఇనుప మొల కొట్టాలె. పెద్దలల్ల కలుపుడు లేదు, పెత్రమాసకు బువ్వ పెట్టుడు లేదు."

పొయ్యి దగ్గర నుంచి వచ్చి గడప బయట నిలబడ్డ కోడలు శ్రీలత ఆ మాట వింది. మొల దిగితే అత్త ఇక ఈ గడప దాటి రాలేదు. పెత్రమాస నాడు ఊరంతా తమ పెద్దలను పేరుపేరునా తలుచుకుంటుంటే, ఈమె పేరెత్తే దిక్కుండదు.

బట్ట తడుపుకునేదన్న మాట నిజమే. మల్లమ్మ దాన్ని ఏనాడూ దాచలేదు. కూర్చునే పలక మీద రబ్బరు షీటు, దాని మీద మెత్తటి బట్ట వేసుకొని దర్జాగా చీరలు నేసింది. మందుల షాపులో పదిమంది ముందు, "పెద్దోళ్ల డైపర్లియ్యి బిడ్డా, పోయినసారి ఇచ్చినయి తొడలు ఒరుసుకపోయినయి" అని గట్టిగా అడిగేది. ఎవరైనా ముసిముసిగా నవ్వితే, "ఓటికుండకు మోత ఎక్కువ, ఎరుక లేదా?" అని తనే పకపకా నవ్వేది. అటువంటి మనిషిని దయ్యాన్ని చేసి గెంటేస్తారా?

"శ్రావణ్, సుత్తె తే!"

కొడుకు శ్రావణ్‌కుమార్ కదల్లేదు. "చిన్నాయినా, అమ్మను గట్ల..."

"తెమ్మన్ననా లేదా? రేపు నీ పిల్లలకు ఏమన్న అయితే ఎవడు జిమ్మేదారి?"

పిల్లల మాట వచ్చేసరికి శ్రావణ్ లేచి వెళ్లి సుత్తె తెచ్చాడు.

శ్రీలత నోరు పిడచకట్టుకుపోయింది. రోజూ ఎండే నోరే అది. రెండో కాన్పు అయినప్పటి నుంచి దగ్గినా, నవ్వినా ఆమెకు ఆగదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. నీళ్లు తాగడం మానేసింది, బస్సెక్కడం మానేసింది, చివరికి నవ్వడమూ మానేసింది. కానీ పొద్దుటి నుంచి గంప ఎత్తేదాకా ఆమె పెరట్లో పొయ్యి దగ్గరే ఉంది. మగ్గం గది గడప తొక్కలేదు. ఆ తడి ఎవరిదైనా కావచ్చు గానీ తనది మాత్రం కాదు.

జంగయ్య మొలను గడప మీద నిలబెట్టి సుత్తె ఎత్తాడు.

"ఆగుండ్రి! గది అత్తమ్మది కాదు, నాది!"

అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి.

"నీదేంది?" అన్నాడు జంగయ్య.

"మీరు రాకముందుగాల గంప ఎత్తి చూసిన చిన్నమామా. బూడిద లేచి దగ్గొచ్చింది. దగ్గితే నాకు ఆగదు. చిన్నోడు పుట్టినకాడి నుంచి గిట్లనే ఉన్నది."

అబద్ధంలో కలిపి నిజం కక్కేసింది. సిగ్గుతో చెవులు భగ్గుమన్నాయి.

"అమ్మను షాపుకు తోల్కపోయింది నేనే కాదె?" అన్నాడు శ్రావణ్. "నీకు తేకపోతునా? గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

వాకిట్లోంచి ఆడబిడ్డ మంజులత అందుకుంది. "నాకు గూడ తుమ్మితే గంతే వదినా. నువ్వొక్కదానివే అనుకుంటున్నవా?"

ఎవరో కిసుక్కుమన్నారు. జంగయ్య మొలను జేబులో వేసుకొని, "ఆడోళ్ల ముచ్చట్లు నాకేం ఎరుక? నడువుండ్రి, ఇస్తర్లు ఎయ్యుండ్రి. వదినెను పెద్దలల్ల కలుపుకుందాం" అని కండువా దులుపుకున్నాడు.

శ్రీలత పెరట్లోకి వచ్చి చెంబెడు నీళ్లు గటగటా తాగింది. కడుపులోకి చల్లగా దిగుతుంటే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ నవ్వును ఆపుకోలేదు.

బిక్షమ్మ మెల్లగా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు గది తొక్కలేదని నాకెరుకే బిడ్డా. మీ అత్త పానం పోయే ముందట నాతోని ఒట్టేయించుకున్నది. 'నా కోడలు దాసుకొని దాసుకొని ఎండుకపోతాంది. దినాలనాడు గంప కింద ఇన్ని నీళ్లు పొయ్యి. నిందంత నా మీదికి వస్తది. గప్పుడు అది ఊకోదు, నోరు తెరుస్తది' అన్నది."

శ్రీలతకు కొండంత బరువు దిగినట్టయింది. "నువ్వేనా బిక్షమ్మత్తా? సచ్చిపోయిననుకో భయానికి! చెప్పినట్టే పోసినవా?"

బిక్షమ్మ నవ్వలేదు. మగ్గం గది వైపు చూస్తూ గొంతు తగ్గించింది.

"వంటల పనిల పడి మర్చిపోయిన బిడ్డా."