ఎర్ర స్కూటరు

గోల్‌మురి బజారులోని సైకిల్ స్టాండు చినబాబుది. ఎదురు మేడ మీంచి కూతురు ఉజ్వల ఆ బళ్ళనే ఫోటో తీస్తోంది. నల్లబళ్ళ బారుకి నట్టనడుమ ఒకే ఒక్క ఎర్ర స్కూటరు. దానిమీద ఎండ పడాలని అరగంటగా కాచుకుంది.

"ఏటే, బళ్ళకి పెళ్ళిచూపులా?" కిందనుంచి అరిచాడు తండ్రి.

"పాపా, థోడా రుకో నా! కాస్త ఆగు నాన్నా. ఇలాంటి వరస ఎవరో పేరిస్తే రాదు. దానంతటదే కుదరాలి. మనకి ఓపికుండాలంతే."

ఎండ పడింది. ఫోటో తీసి, గర్వంగా కిందికి దిగింది ఉజ్వల.

"అయిపోనాదా?" చినబాబు గొంతు తగ్గించాడు. "మరైతే ఆ ఎర్ర స్కూటరాయనకి బండి ఇచ్చీమంటావేటి? నడుమ ఇరుక్కుపోనాదని సెప్పి అరగంట నించీ కూకోబెట్టినాను. మూడో చాయ్ తాగుతన్నాడు, పాపం."