మళ్లీ అచ్చుకాని రాణి

“నా ఆట పుస్తకం మళ్లీ ఎందుకు అచ్చెయ్యరు? బాగాలేదా?” రచయిత్రి నిలదీసింది.

పబ్లిషర్ ఉసూరుమని కళ్లజోడు తీశాడు. “బాగుందమ్మా. అదే నా కొంప ముంచింది. తలా ఒక పాత్రయి, పాచికలేసి కథ నడిపే ఆట. ఐదుగురు ఆడతారు, కొనేది ఒక్కరే. ఆ ఒక్కరూ మళ్లీ కొనరు. రా, చూద్దువుగాని.”

గోదాములో భోజనాలయ్యాక ప్యాకింగ్ ఆడవాళ్లు బల్ల చుట్టూ చేరి అదే ఆట ఆడుతున్నారు. రాణి పాత్ర తీసుకున్న పెద్దావిడ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

రాణిని రాసింది రచయిత్రే. ఆ ఏడుపు మాత్రం తను రాయలేదు.

“పుస్తకం ఏదీ?” అంది రచయిత్రి.

“బల్ల ఊగుతుంటే దాని కాలి కింద పెట్టామండీ. ఆట నోటికొచ్చేసిందిగా! తియ్యమంటారా?” అంది వాళ్లలో ఒకావిడ.

“వద్దులెండి, ఉండనివ్వండి.” రచయిత్రి వాళ్ల పక్కనే కూలబడింది. “ఇంతకీ రాణి ఎందుకేడుస్తోంది?”