దారం లేని సూది

చిట్టి పెదవి మీద రెండు పంచదార పలుకులు కనిపించేసరికి వాళ్లమ్మకు గుండె ఆగినంత పనైంది.

"ఎవరు పెట్టారే?"

"టైలర్ తాత. సూదిలో దారం ఎక్కించమన్నాడు. ఎక్కలేదు. అందుకని చెంచాడు పంచదార పెట్టాడు."

"ఎక్కిస్తే పెట్టాడంటే కూలీ అనుకుంటాను. ఎక్కకపోతే ఎందుకు పెట్టాడు?"

"ఎక్కకపోతేనే పెడతాడమ్మా," అంది చిట్టి, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

చిట్టికి అప్పుడు ఏడేళ్లు. షుగరు జబ్బు బయటపడి నాలుగు నెలలు. పిల్లలకు వచ్చే రకం, ఒంట్లో ఇన్సులిన్ అసలు తయారు కాదు.

రోజుకు నాలుగు సూదులు. ఆరుసార్లు వేలు గుచ్చి రక్తం చుక్క తియ్యడం. అన్నం తూచి పెట్టడం. వచ్చిన ప్రతి అంకెనూ నీలం అట్ట నోటు పుస్తకంలో రాయడం.

ఇప్పుడు తలుచుకుంటే ఆ నీలం అట్ట పుస్తకం, మందు సీసాలు దాచిన ఫ్రిజ్ అర, సూదికి ముందు చిట్టి కళ్లు గట్టిగా మూసుకుని పది దాకా లెక్కపెట్టడం, అన్నీ ముద్దొస్తాయి. అప్పుడు మాత్రం ఆమె ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగింది.

"ఈ జబ్బుతో పిల్లలు పెద్దవాళ్లవుతారా డాక్టరుగారూ?"

"జాగ్రత్తగా ఉంటే నిక్షేపంగా అవుతారమ్మా."

"అలా అయినవాళ్లను, తల నెరిసినవాళ్లను, ఒక్కరిని చూపించండి చాలు."

డాక్టరు నవ్వి మందుల చీటీ రాసిచ్చాడు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లంతా పిల్లలే.

ఆమె ఎవరినీ అడగలేకపోయింది. ఆడపిల్ల నలుగురి నోళ్లలో పడకూడదని, బడిలో టీచరుకు తప్ప వీధిలో ఎవరికీ చెప్పలేదు.

టైలర్ తాత కొట్టు వీధి మలుపులో ఉండేది. బడి నుంచి ఇంటికి అదే దారి. ఆ మధ్య చిట్టికి గౌను కుట్టమంటే, చేతి కొలత తీస్తూ తీస్తూ టేపు పట్టుకుని కాసేపు ఆగిపోయాడు. తీరా కుట్టాక చూస్తే లోపలి వైపు అడగని జేబు ఒకటి ఉంది.

"ఇదెందుకు?"

"చాక్లెట్టు దాచుకుంటుందిలేమ్మా."

చాక్లెట్టు మాట వినగానే ఆమెకు ఒళ్లు మండింది. ఇప్పుడు ఈ పంచదార.

ముందు వేలు గుచ్చి చూసింది. మీటరు తొంభై చూపించింది, ఉండాల్సినంతే. పుస్తకంలో రాసేసి, చెప్పులు వేసుకుని మలుపు దాకా ఒక్క అంగలో వెళ్లింది.

కొట్టులో ముగ్గురు బేరాలవాళ్లు ఉన్నారు. ఆమె వాళ్లను లెక్కచేయలేదు.

"కళ్లు కనపడకపోతే అద్దాలు పెట్టించుకోండి. బడి నుంచి అలిసి వచ్చే పిల్ల చేత చాకిరీ చేయిస్తారా? పైగా పంచదార పెట్టడం ఒకటి."

తాత కత్తెర బల్ల మీద పెట్టాడు. ఏదో చెప్పబోయి, ఆ ముగ్గురి వైపు చూసి, మాట మింగేశాడు.

"తప్పయిందమ్మా. ఇంకెప్పుడూ పాపను దార్లో ఆపను. పిల్లను మాత్రం ఒంటరిగా పంపకండి."

"నా పిల్ల సంగతి నాకు తెలుసు."

అన్నదే గానీ, మర్నాటి నుంచి తనే బడికి వెళ్లి తీసుకొచ్చింది. ఏడాది తిరక్కుండా చిట్టి నాన్నకు బదిలీ అయింది. సామాను లారీ మలుపు తిరుగుతుంటే తాత గుమ్మంలో నిలబడి చిట్టికి చెయ్యి ఊపాడు. ఆమె మొహం తిప్పుకుంది.

పదిహేనేళ్లు గడిచాయి.

చిట్టికి ఉద్యోగం వచ్చింది. చేతికి అతికించుకున్న బిళ్ల ఒకటి అంకెలన్నీ ఫోనుకే చెప్పేస్తోంది. అయినా వాళ్లమ్మ ఆ నీలం అట్ట పుస్తకం పారెయ్యలేదు.

ఏదో పని మీద ఆ పాత ఊరు వచ్చినప్పుడు ఆమె కాళ్లు వాటంతట అవే ఆ వీధిలోకి నడిచాయి. అదే మలుపు, అదే ఇస్త్రీ వాసన. సంచిలో చిట్టి కొత్త కోటు ఉంది, చేతులు పొడుగయ్యాయి. కోపం ఎప్పుడో పోయింది. తాతను ఒకసారి పలకరిద్దామనిపించింది.

మిషను మీద ఆయన భార్య కూర్చుని ఉంది.

"ఆయన పోయి మూడేళ్లయిందమ్మా."

"అయ్యో. పాపం, చూపు ఆనేది కాదు కదా మామ్మగారూ. మా చిట్టి చేత దారం ఎక్కించుకునేవారు."

మిషను ఆగింది.

"ఆ గౌను పిల్ల మీ అమ్మాయా? బాగుందా?"

"బాగుంది. ఉద్యోగంలో చేరుతోంది."

ముసలావిడ కళ్లు తుడుచుకుంది. "ఆయన వింటే ఎంత సంతోషించేవారో. చూపుకేం తల్లీ, పోయేదాకా అద్దాలే పెట్టలేదు. పొద్దున్నే సూదులన్నిటికీ దారాలు ఎక్కించేసి, ఒక్కటి మాత్రం మీ పిల్ల కోసం ఖాళీగా ఉంచేవారు."

"ఎందుకు?"

"షుగరు పడిపోతే చెయ్యి వణుకుతుంది, దారం ఎక్కదు. ఎక్కని రోజున పంచదార. కొలత తీసేటప్పుడే చేతి మీద సూది గుర్తులు చూశారు. వాళ్లమ్మ దాచుకున్న సంగతి మనం బయటపెట్టకూడదు అనేవారు."

పుస్తకంలో రాసుకున్న ఆ తొంభై ఆమెకు గుర్తొచ్చింది. పంచదార తిన్నాక తొంభై. తినకముందు ఎంత ఉండి ఉంటుందో, ఆ మలుపు దాటి పిల్ల ఇల్లు చేరేదో లేదో, ఇన్నేళ్లకు తట్టింది.

"ఇవన్నీ ఆయనకు ఎలా తెలుసు మామ్మగారూ?"

ముసలావిడ సొరుగు లాగి, సొట్టలు పడిన చిన్న స్టీలు డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టింది. లోపల పాతకాలపు గాజు సిరంజి ఉంది.

"తన చెయ్యి కూడా అలాగే దారం ఎక్కించి చూసుకునేవారు తల్లీ. ఏడో ఏట పట్టుకుందట ఆ జబ్బు, డెబ్బై రెండో ఏట పోయేదాకా రోజూ తన సూది తనే వేసుకున్నారు."